సీటు ముందు కొక్కెం

నాకు కోపం ఎక్కువని అమెరికాలో మా ట్రాయ్ ఊరి తెలుగువాళ్ళందరికీ తెలుసు. తెలియనివ్వండి. ముప్ఫై రెండేళ్ళు కార్ల కంపెనీల్లో టెస్టింగ్ ఇంజనీరుగా చేశాను. ఒక్క బోల్టు వదులుగా కనిపించినా లైన్ ఆపించాను. నా పేరు విశ్వనాథం, వయసు అరవై ఏడు. ఆ శనివారం జరిగింది నా నోటితోనే చెప్పాలి. ఇంకెవరు చెప్పినా నన్ను వెనకేసుకొస్తున్నారు, అది వింటుంటే నాకు ఒళ్ళు మండిపోతోంది.

ముందు ఆ విమానం సంగతి చెబుతాను. వందేళ్ళ పైమాట. అమెరికా నేవీ నీళ్ళ మీద దిగే విమానాల కోసం వెతుకుతున్న రోజుల్లో, హాల్‌బర్గ్ అనే పడవల మేస్త్రీ ఒకడు, మాకు గంట దూరంలో ఉన్న సెయింట్ క్లెయిర్ సరస్సు ఒడ్డున, ఒకదాని తరువాత ఒకటి నాలుగు కట్టాడు. మొదటిదానికి చక్రాల బదులు పడవలాంటి పొడుగాటి చెక్క ఫ్లోట్ పెట్టాడు. దాని అడుగు చదును. ఇంజను ఎంత గోలపెట్టినా అది నీళ్ళని వదిలితే ఒట్టు. రెండోదానికి ఆ అడుగున, సగానికి కాస్త వెనక, ఒక మెట్టు కోశాడు. నాలుగంగుళాల మెట్టు, అంతే. అక్కడ నీళ్ళు తెగి గాలి దూరింది, విమానం లేచింది. మూడోది పక్కగాలికి ఒరిగి మునిగింది. అప్పుడు రెక్కల చివర రెండు చిన్న ఫ్లోట్లు తగిలించాడు. నాలుగోదాన్ని నేవీ కొనుక్కుంది. ఇలా చచ్చీచెడీ నేర్చుకున్న మనిషంటే నాకు గౌరవం.

ఆ నాలుగోదాన్నే మా తెలుగు అసోసియేషన్ వాళ్ళం మళ్ళీ కట్టాం. నాలుగేళ్ళు పట్టింది. ముప్ఫై ఒక్క డ్రాయింగులు ఒక పాత దస్త్రాల గదిలో దొరికాయి. వాటితోపాటు నలభై పేజీల టైపు చేసిన రిపోర్టు ఒకటి వచ్చింది. డ్రాయింగులు నేను తీసుకున్నాను. రిపోర్టు గీతాంజలి ముందు పడేసి "స్కాన్ చేసి పెట్టమ్మా" అన్నాను. ఇంజనీరుకి డ్రాయింగు చాలు, రిపోర్టులు గుమాస్తాలు చదువుకునేవి అని నా అభిప్రాయం. ఆ మాట అందరి ముందూ అన్నాను కూడా.

గీతాంజలిది కరీంనగర్. ముప్ఫై అయిదేళ్ళుంటాయి. ఇక్కడ కార్ల సస్పెన్షన్లు పరీక్షించే ఉద్యోగం. మంచి ఇంజనీరు, నెమ్మదస్తురాలు. నాతో మాట్లాడేటప్పుడు మాత్రం మాట సగంలో మింగేస్తుంది. అది నాకు చిరాకు. చెప్పేదేదో గట్టిగా చెప్పి చావొచ్చు కదా అనిపించేది.

శశికాంత్ అని ఇంకో మహానుభావుడు. మా అసోసియేషన్ ప్రెసిడెంటు, సాఫ్ట్‌వేర్ మేనేజరు. స్పాన్సర్లని పట్టుకొచ్చాడు, అది నిజమే. కానీ జూలై సమ్మర్ పిక్నిక్‌కి విమానం ఎగిరి తీరాలని తేదీ కూడా వాడే పెట్టేశాడు. "విశ్వనాథం గారూ, డేట్ అనౌన్స్ చేసేశాం, వెనక్కి వెళ్ళలేం" అంటాడు. గాల్లోకి వెళ్ళేది వాడా? వెళ్ళేది మైత్రి.

మైత్రి మా ఉష కూతురు. ఉష నాకు రక్తసంబంధం కాదు. కానీ ఇరవై ఏళ్ళుగా నన్ను అన్నయ్యగారూ అని పిలుస్తుంది, నేనూ అలాగే చూసుకున్నాను. మైత్రికి ఇరవై ఆరు. ఇక్కడే పుట్టింది. నీటి విమానాలు నడిపే లైసెన్సు ఉంది. ఉష మొదట ససేమిరా అంది. నేను వాళ్ళింటికి వెళ్ళి కూర్చుని, "పిల్లని నేను పంపిస్తున్నాను, నేనే క్షేమంగా ఒడ్డుకి తెస్తాను" అని మాటిచ్చాను. నా మాట మీద ఆవిడ ఒప్పుకుంది. ఆ రోజు నుంచీ నా తిండీ నిద్రా ఆ మాట చుట్టూనే తిరిగాయి. శశికాంత్ తొందర వల్ల ఆ పిల్లకి ఏమైనా అవుతుందేమోనని నా భయం. ఆ భయం నా నోటి నుంచి అరుపులై బయటికొచ్చేది.

విమానాన్ని తూచడం ఒక పెద్ద పని. అద్దెకి తెచ్చిన కాటాలు మా దగ్గర ఒక్కరోజే ఉంటాయి. ఆ రోజు మంగళవారం అయింది. పొద్దున్నే ఉష ఫోను చేసింది.

"అన్నయ్యగారూ, మీరు నవ్వుతారని తెలుసు. కొత్త బండి, పూజ కూడా అవలేదు, అందులోనూ మంగళవారం. ఇవాళ మాత్రం పిల్లని ఎక్కించకండి. మీకు పుణ్యం ఉంటుంది."

నవ్వాను. నవ్వి, సరేనన్నాను. తల్లి మనసు అది. మైత్రి బదులు నేనే ఎక్కి పైలట్ సీట్లో కూర్చున్నాను. గీతాంజలి కాటాలు చదివింది, నేను లెక్క కట్టాను. ఎక్కడ బరువు ఎంతుందో, మొత్తం బరువు ఏ బిందువు దగ్గర తూగుతుందో కాగితం మీద పెట్టాను. పైలట్ బరువు అన్నచోట నూట తొంభై అయిదు పౌండ్లు. అది నా బరువు. మైత్రి బరువు నూట ఇరవై.

కార్లలో డ్రైవరు ఎంత బరువున్నా పెద్ద తేడా రాదు. ముప్ఫై రెండేళ్ళ అలవాటు. ఆ విమానంలో ఇంజనూ ప్రొపెల్లరూ పైలట్ వీపు వెనక ఉంటాయి. పైలట్ అందరికన్నా ముందు, ముక్కు మీద కూర్చుంటాడు. ఆ మనిషి బరువే ముక్కుని కిందికి పట్టి ఉంచుతుంది. ఇది నాకు తెలియని విషయం కాదు. తెలిసీ ఆ గడిలో మైత్రి బరువు వేసి మళ్ళీ లెక్క చెయ్యలేదు. కాటాలు పంపేశాం, విమానాలు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టర్ కాగితం చూసి సంతకం పెట్టాడు, నేను శశికాంత్‌తో స్టిక్కర్ల గురించి పోట్లాటలో పడ్డాను.

స్టిక్కర్లంటే, స్పాన్సర్ల బొమ్మలు. నూట పది ఏళ్ళ కిందటి రెక్క మీద ఒక గ్రోసరీ షాపు నవ్వుతున్న బియ్యపు గింజ! నా చేత్తో పీకేశాను.

"విశ్వనాథం గారూ, వాళ్ళు పదివేలు ఇచ్చారండీ" అన్నాడు శశికాంత్.

"పదివేలిస్తే మీ నుదుటి మీద అంటించుకోండి. నా విమానం మీద కాదు."

ఆ మాట మధ్యలో గీతాంజలి వచ్చి నిలబడింది. చేతిలో ఆ పాత రిపోర్టు.

"అంకుల్, ఒక్క మాట. సీటు ముంగట ఆ కొక్కెం ఉంది కదా..."

ఇరవై రెండో డ్రాయింగులో సీటు ముందు కమ్మీకి ఒక ఇనప కొక్కెం ఉంది. ఎందుకో అందులో రాయలేదు. డ్రాయింగులో ఉంది కాబట్టి బిగించాం. పైలట్ టోపీ తగిలించుకోడానికి అయ్యుంటుందని నేనే తేల్చాను. మైత్రి దానికి నీళ్ళ సీసా వేలాడదీసుకునేది.

"కొక్కేలూ చిలక్కొయ్యలూ తరువాత మాట్లాడుకుందాం. కనపడట్లేదా నేను ఎవరితో వేగుతున్నానో!" అని కసిరాను. వెళ్ళిపోయింది.

రెండోసారి ఫోను చేసింది. నేను ఇన్‌స్పెక్టర్‌తో మాట్లాడుతూ లైన్లో ఉన్నాను. "అదేదో మెయిల్ పెట్టు" అని పెట్టేశాను. మెయిల్ పెట్టింది. పదకొండు పేజీల స్కాన్ జతచేసిన ఆ మెయిల్ నేను తెరవలేదు.

మూడోసారి, ఎగరడానికి ముందు శుక్రవారం. ఆ రోజు నీళ్ళ మీద నెమ్మదిగా నడిపి చూశాం, ఎగరకుండా. మైత్రి దిగి వచ్చి హెల్మెట్ తీస్తూ అంది:

"అంకుల్, ముక్కు కొంచెం లైట్‌గా ఉంది. స్పీడ్ అయితే పైకి వెళ్ళాలి అన్నట్టు ఫీల్ అవుతుంది."

"నువ్వు స్టిక్ వెనక్కి లాగుతున్నావమ్మా, లాగితే ముక్కు లేస్తుంది. వదులుగా పట్టుకో."

"నేను లాగలేదు అంకుల్. ఐ థింక్..."

"లెక్క నేను కట్టాను. ముక్కు ఎక్కడుండాలో అక్కడే ఉంది. నీ చెయ్యి బిగుసుకుపోతోంది, అంతే."

సరే అంకుల్ అంది. అలా పెంచింది ఉష, పెద్దవాళ్ళకి ఎదురు చెప్పకుండా. వెనక గీతాంజలి నోరు తెరిచింది. "అంకుల్, మైత్రి చెప్పేది కరెక్టే అనిపిస్తుంది, పేజీ పధ్నాలుగుల..."

"ఇద్దరూ కలిసి నాకు పాఠం చెబుతారా?" అన్నాను. అరిచాను. షెడ్డు రేకులు మోగేలా అరిచాను. రేపు పొద్దున ఆ పిల్ల గాల్లోకి వెళుతుందన్న గాభరా, శశికాంత్ మీద మంట, అన్నీ ఆ ఇద్దరి మీద వెళ్ళగక్కాను. గీతాంజలి రిపోర్టు సంచిలో పెట్టుకుంది.

శనివారం ఎండ బాగా కాసింది. గాలి లేదు. ఒడ్డున రెండు వందల మంది దాకా జనం, మడత కుర్చీలు, పులిహోర ట్రేలు. విమానాన్ని నీళ్ళలోకి దించే ర్యాంపు దగ్గర పంతులుగారు పూజ మొదలుపెట్టారు. ఫ్లోట్‌కి పసుపూ కుంకుమా పెట్టించడానికి నేనేమీ అనలేదు, ఉష ముఖం చూసి. గీతాంజలి లేదు. రెస్క్యూ పడవలో ఎవరో ఒకరు ఉండాలి కదా, వీడియో కూడా తీస్తుందని శశికాంత్ ఆవిడని ముందే నీళ్ళలోకి పంపేశాడట.

నేను ఆఖరిసారి విమానం చుట్టూ తిరిగి చూస్తున్నాను. తీగలు, బోల్టులు, కీళ్ళు. సీటు దగ్గరికి వచ్చేసరికి నా తల తిరిగిపోయింది. ఆ కొక్కేనికి బియ్యం బస్తాలు వేలాడుతున్నాయి! ఇరవై పౌండ్లవి మూడు, పట్టీలతో గట్టిగా కట్టి. నా వైపు ఆ నవ్వుతున్న బియ్యపు గింజ.

"శశీ! ఇలా రా!" అని కేకేశాను. "రెక్క మీద పీకేస్తే సీట్లో వేలాడదీస్తావా? సిగ్గుందా నీకు?"

"నాకేం తెలీదండీ, నిజంగా" అన్నాడు వాడు. వాడి మాట నేనెప్పుడు నమ్మాను? పట్టీ విప్పి, ఆ మూటని రెండు చేతులా ఎత్తి ర్యాంపు పక్కన నీళ్ళలో విసిరికొట్టాను. దభేలుమని పడింది. జనం ఒక్కసారిగా ఇటు తిరిగారు.

"అయ్యో అన్నయ్యగారూ, బియ్యం అండీ! అలా నీళ్ళలో పారేస్తారా, తప్పు కదూ!" అంది ఉష, చెంపలు వేసుకుంటూ.

"ప్రాణం కన్నా బియ్యం ఎక్కువా? పైలట్ ముందు అరవై పౌండ్ల చెత్త వేలాడదీస్తే ఎవరిదమ్మా పూచీ?" అన్నాను. నాకు గర్వంగా కూడా అనిపించింది. చివరి క్షణంలో కనిపెట్టాను, లేకపోతే ఏమయ్యేదో అనుకున్నాను.

మైత్రి వచ్చింది. తల్లికి దణ్ణం పెట్టింది, నాకూ పెట్టింది. కొక్కేనికి నీళ్ళ సీసా తగిలించుకుని కూర్చుంది. "వదులుగా పట్టుకో" అన్నాను మళ్ళీ. బొటనవేలు చూపించి నవ్వింది.

ఇంజను అందుకుంది. విమానం సరస్సు మధ్యకి వెళ్ళి మా వైపు తిరిగింది. నీళ్ళు చిమ్ముకుంటూ వేగం పట్టింది. ఫ్లోట్ లేచి మెట్టు మీద నిలబడింది. హాల్‌బర్గ్ మెట్టు అది, నా చేత్తో కోసిన మెట్టు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అప్పుడు అది నీళ్ళని వదిలింది. జనం చప్పట్లు కొట్టారు.

ముక్కు పైకి లేచింది. లేస్తూనే ఉంది. దించు తల్లీ, దించు, దించు అని నేను అరుస్తున్నాను. ఆ పిల్ల స్టిక్ ముందుకి తోసేసిందని తరువాత వీడియోలో చూశాను, రెండు చేతులతో, ఒళ్ళంతా ఆనించి. ముక్కు మాట వినలేదు. ఇరవై అడుగుల ఎత్తులో ఆకాశం వైపు నిలబడి, ఒక్క క్షణం ఆగి, తోక మీద వెనక్కి పడింది. చప్పట్లు ఇంకా పూర్తిగా ఆగలేదు.

పడవలో ఉన్నది గీతాంజలి కాబట్టి మైత్రి బతికింది. నిమిషంలో చేరుకుంది, నీళ్ళలోకి దూకి బెల్టు కోసి బయటికి లాగింది. అంబులెన్సులో మైత్రినీ ఉషనీ ఎక్కించారు. తలుపు మూసి అంబులెన్సు కదలగానే నాకు దొరికింది శశికాంతే. కాలరు పట్టుకున్నాను.

"చంపావు కదరా! తొందర తొందరని చంపావు! పిక్నిక్ కావాలా నీకు? ఫొటోలు కావాలా?"

వాడు ఏడుస్తున్నాడు. "తప్పు నాదే అండీ, నేను పుష్ చేయకుండా ఉండాల్సింది" అంటున్నాడు. ఒప్పుకుంటున్నాడు కదా అని ఇంకా అరిచాను. జనం చుట్టూ చేరారు.

విరిగిన విమానాన్ని పడవలో లాక్కొచ్చారు. గీతాంజలి తడిబట్టలతోనే దిగి, తిన్నగా సీటు దగ్గరికి వెళ్ళింది. కొక్కెం పట్టుకుని చూసింది. వంగలేదు, విరగలేదు. పట్టీ ముక్క కూడా లేదు. నా వైపు తిరిగింది.

"అంకుల్, బియ్యం సంచులేవి?"

నేను శశికాంత్ కాలరు వదిలేశాను.

"నువ్వా పెట్టింది?"

"పొద్దుగాల ఆరింటికి పెట్టిన. ఎగిరే ముందు బ్రీఫింగ్‌ల మైత్రికి చెప్దామనుకున్న, నన్ను ముందే పడవెక్కించిండ్రు. ఏవి అంకుల్ అవి?"

ఎవరో ర్యాంపు పక్కకి చెయ్యి చూపించారు. మోకాళ్ళ లోతు నీళ్ళలోకి దిగి ఆ మూట ఈడ్చుకొచ్చింది. ర్యాంపు మీద పడేసి, రెండో వైపుకి తిప్పింది. అటువైపు నల్ల మార్కరుతో పెద్ద పెద్ద అక్షరాలున్నాయి. నీళ్ళకి చెరగలేదు.

"అంకుల్, ఇది తియ్యకండి ప్లీజ్. ముక్కుకి బరువు. పేజీ 14 చూడండి. సారీ."

సంచిలోంచి రిపోర్టు తీసి ఆ పేజీ నా చేతిలో పెట్టింది. లావుపాటి పైలట్ నడిపినన్నాళ్ళూ యంత్రం బుద్ధిగా ఎగిరిందనీ, సన్నటి లెఫ్టినెంట్ ఒకడు ఎక్కిన రోజు ముక్కు పైకి లేచి వెనక్కి పడిందనీ, వాడు బతకలేదనీ, ఆ తరువాత సీటు ముందు కొక్కెం బిగించి, తేలికపాటి పైలట్ ఎక్కినప్పుడల్లా అరవై పౌండ్ల ఇసుక సంచి వేలాడదీశారనీ ఉంది. నాలుగు వాక్యాలు. వందేళ్ళ కిందట ఒక మనిషి ప్రాణం పోయి తెలిసిన సంగతి అది. నేను గుమాస్తాలకి వదిలేశాను.

ఆ క్షణంలో కూడా నాకు వచ్చింది కోపమే. "ముందే నోటితో చెప్పొచ్చు కదా! అందరి ముందూ, గట్టిగా, చెప్పి ఏడవొచ్చు కదా!" అని ఆవిడ మీద విరుచుకుపడ్డాను.

గీతాంజలి నా కళ్ళలోకి చూసింది. మాట మింగకుండా ఆవిడ నాతో మాట్లాడటం అదే మొదటిసారి.

"మూడుసార్లు చెప్పనీకి వచ్చిన అంకుల్. మూడుసార్లు మీరు ఒర్రిండ్రు. ఇప్పుడు గూడ ఒర్రుతనే ఉన్నరు."

శశికాంత్ కాలరు సర్దుకుంటూ, "పోనీలే గీతా, పెద్దాయన, టెన్షన్‌లో ఉన్నారు" అన్నాడు. నేను కాలరు పట్టుకున్న మనిషి! నా తరఫున! వాడి చెంప పగలగొట్టాలనిపించింది. ఆ దెబ్బ తగలాల్సింది ఎవరికో అప్పటికి నాకు తెలుసు.

ఆసుపత్రిలో సాయంత్రానికి లోపలికి వెళ్ళనిచ్చారు. జబ్బ ఎముక విరిగింది, మూడు పక్కటెముకలు, ఎడమ మణికట్టు. వెన్నుకి దెబ్బ తగలలేదన్నారు. ఉష మంచం పక్కన కూర్చుని కూతురి కాళ్ళు నిమురుతోంది. నన్ను చూసి మైత్రి నవ్వబోయింది. పెదవి చిట్లి ఉంది.

"సారీ అంకుల్" అంది. "నేనే ఎక్కువ లాగాను అనుకుంటా. మీరు చెప్పారు, వదులుగా పట్టుకో అని. నాలుగేళ్ళ వర్క్... అంతా పోయింది."

ఉష వెంటనే అందుకుంది. "నీ తప్పేం లేదే. ఆ శశికాంత్ గారి తొందర. అన్నయ్యగారు మొత్తుకుంటూనే ఉన్నారు పాపం."

ఊరుకుంటే అయిపోయేది. ఇద్దరూ నన్ను నమ్ముతున్నారు. గీతాంజలి నోరు విప్పదు, శశికాంత్ తప్పు నెత్తిన వేసుకున్నాడు, చూసినవాళ్ళు నన్నే వెనకేసుకొస్తారు.

"నువ్వు లాగలేదు మైత్రీ" అన్నాను. "ముక్కు లైట్‌గా ఉందని నువ్వు నిన్ననే చెప్పావు. అది నిజం. తూకం రోజు సీట్లో నేను కూర్చున్నాను. లెక్కలో నీ బరువు వేయలేదు, నాదే ఉంది. గీత అది కనిపెట్టి ఆ బియ్యం పెట్టింది. నీ ప్రాణానికి కాపుగా పెట్టింది. నేను తీసి పారేశాను. దాని మీద రాసి ఉంది, తియ్యొద్దని. నేను తిప్పి చూడలేదు."

ఉష చెయ్యి కూతురి పాదం మీద ఆగిపోయింది. తిడుతుందనుకున్నాను. తిట్టాలి, కొట్టాలి, మంగళవారం మాట తెచ్చి తన తలైనా బాదుకోవాలి. ఏదో ఒకటి గట్టిగా వినాలని నా ప్రాణం కొట్టుకుపోయింది. ఆవిడ గొంతు కూడా పెంచలేదు.

"మీరు కాస్త బయటికి వెళ్ళండి విశ్వనాథం గారూ" అంది.

ఇరవై ఏళ్ళలో ఆవిడ నన్ను పేరు పెట్టి పిలవడం అదే మొదలు. మైత్రి కళ్ళు మూసుకుని గోడ వైపు తిరిగింది. నేను బయటికొచ్చాను.

కారిడార్‌లో కుర్చీలో గీతాంజలి కూర్చుని ఉంది. ఆసుపత్రివాళ్ళు ఇచ్చిన దుప్పటి కప్పుకుంది, జుట్టు ఇంకా తడిగానే ఉంది. నీళ్ళలో దూకి పిల్లని బతికించిన మనిషి. నన్ను చూడగానే పెద్దాయన వచ్చాడని దుప్పటి సర్దుకుంటూ లేచి నిలబడింది.

కూర్చోమ్మా అని మెల్లగా చెబుదామనుకున్నాను. నిజంగా మెల్లగానే అనుకున్నాను.

"కూర్చో!"

నా గొంతు కారిడార్ అంతా మోగింది. ఆవిడ గబుక్కున కూర్చుంది.